అమెరికాకు యూరప్ నేత ఇచ్చిన మాటను తూచడం ఎలా

వైట్‌హౌస్‌లోనో, నాటో సదస్సులోనో, స్కాట్లండ్‌లోని గోల్ఫ్ రిసార్టులోనో ఒక యూరప్ నేత అమెరికా అధ్యక్షుడికి ఏదో మాటిస్తారు. తెల్లారేసరికి ఒక పత్రికలో ‘యూరప్ తలొగ్గింది’ అని ఉంటుంది, ఇంకో దాంట్లో ‘యూరప్ ఎదురు తిరిగింది’ అని. చాలాసార్లు రెండూ తప్పే. ఆ నేతకు అటు అమెరికా సైన్యం, అణు గొడుగు, మార్కెట్ కావాలి. ఇటు పింఛనుదారులు, రైతులు, సంకీర్ణంలోని చిన్న పార్టీలు, ముంచుకొస్తున్న ఎన్నికలు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకే ఆ మాట రెండు చోట్ల రెండు రకాలుగా వినపడేలా కట్టి ఉంటుంది.

దాన్ని విప్పి చూడటం కష్టమేమీ కాదు. అసలు పత్రం, ఆ దేశ పార్లమెంటులో సీట్ల లెక్క, జీడీపీ అంకె, ఒక క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి. విలేకరుల సమావేశం వీడియో చివర చూసినా నష్టం లేదు.

ముందు: ఇది ఆయన చేతిలో ఉన్న పనేనా?

మొదటి ప్రశ్న ఇదే. సగం గందరగోళం ఇక్కడే తీరిపోతుంది.

యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాలకు సుంకాల విధానం ఒక్కటే. దాని మీద బేరమాడేది బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ కమిషన్. జర్మనీ చాన్సలరైనా, ఇటలీ ప్రధానైనా అమెరికాతో విడిగా సుంకాల ఒప్పందం చేసుకోలేరు. వాళ్లు వాషింగ్టన్ వెళ్లి ‘కార్ల సుంకం గురించి మాట్లాడాం’ అంటే, కమిషన్ మీద ఒత్తిడి తెస్తామనో, అధ్యక్షుడి మనసు మెత్తబరుస్తామనో అర్థం. అంతకు మించి ఏమీ కాదు.

రక్షణ బడ్జెట్, సైన్యాన్ని పంపడం, స్థావరాలు వాడుకోనివ్వడం ఏ దేశానికి ఆ దేశం తేల్చుకునేవి. రష్యా మీద ఆంక్షల వంటివాటికి 27 దేశాలూ ఒప్పుకోవాలి, ఒక్కరు అడ్డుపడినా ఆగిపోతాయి. బ్రిటన్, నార్వే, స్విట్జర్లండ్ యూనియన్ బయట ఉన్నాయి కాబట్టి సుంకాల బేరం సొంతంగా చేసుకుంటాయి. ఐర్లండ్, ఆస్ట్రియా యూనియన్‌లో ఉన్నా నాటోలో లేవు. టర్కీది సరిగ్గా దానికి తలకిందులు. ఈ పట్టిక ఒకసారి రాసి గోడకు అంటించుకుంటే పదేపదే వెతుక్కోనక్కర్లేదు.

2025 జూన్‌లో హేగ్‌లో జరిగిన నాటో సదస్సులో స్పెయిన్ రక్షణ ఖర్చు అడిగినంత పెంచనంటే, వాణిజ్యంలో దానితో రెట్టింపు కట్టిస్తానని ట్రంప్ అన్నారు. నిబంధనల ప్రకారం స్పెయిన్‌తో విడిగా వాణిజ్య ఒప్పందం అన్నదే లేదు, ఆ దేశం యూనియన్‌లో భాగం. అలాగని బెదిరింపును కొట్టిపారేయకండి. దేశం మీద వేయలేని సుంకం సరుకు మీద వేయొచ్చు. 2018లో అమెరికా స్పెయిన్ నల్ల ఆలివ్‌ల మీద ప్రత్యేక సుంకాలు వేసింది. దెబ్బ తగిలింది ఆండలూసియా రైతులకు. ప్రపంచ వాణిజ్య సంస్థలో యూనియన్ వాదన 2021లో నెగ్గింది కానీ, ఆలోగా అమెరికా మార్కెట్లో వాళ్ల చోటును వేరే దేశాల సరుకు ఆక్రమించింది. కాబట్టి ఒక దేశాన్ని బెదిరిస్తున్నారంటే ఆ దేశం నుంచి మాత్రమే వచ్చే సరుకేదో చూడండి.

డెన్మార్క్ కిందున్న గ్రీన్‌లాండ్ తనకు కావాలని ట్రంప్ అన్న విషయంలోనూ ఇదే ప్రశ్న. ద్వీపాన్ని అమ్మబోమని డెన్మార్క్ ప్రధాని మెటే ఫ్రెడెరిక్సన్ అంటే పట్టుదల అనుకుంటారు. అది చట్టం కూడా. 2009 స్వపరిపాలన చట్టం గ్రీన్‌లాండ్ ప్రజలకు స్వయంనిర్ణయ హక్కు ఉందని గుర్తించింది. విదేశాంగం, రక్షణ కోపెన్‌హాగన్ చూసుకుంటుంది కానీ, ద్వీపాన్ని ఇంకొకరి చేతిలో పెట్టే అధికారం డెన్మార్క్ ప్రధానికి లేదు. మరోవైపు, అమెరికాకు కావాల్సిన సైనిక వెసులుబాటులో చాలా భాగం 1951 నాటి రక్షణ ఒప్పందంలోనే ఉంది. గ్రీన్‌లాండ్‌లోని అమెరికా స్థావరం పిటుఫిక్ నడిచేది దాని కిందే. ‘ఇవ్వను’ అన్నదాంట్లో ఎంత ఇప్పటికే ఇచ్చేసి ఉందో కూడా చూడాలన్నమాట.

పత్రం తెరిచి కర్తకు, క్రియకు గీత గీయండి

ముందొక జాగ్రత్త. ఏ భేటీ తర్వాతైనా మూడు రకాల కాగితాలు బయటికొస్తాయి: అమెరికా వైపు ఫ్యాక్ట్‌షీట్, యూరప్ వైపు వివరణ, ఇద్దరూ కలిసి ఇచ్చే సంయుక్త ప్రకటన. మొదటి రెండూ ఎవరి ఇంటికి వాళ్లు రాసుకునే ఉత్తరాలు. 2025 జూలై 27న స్కాట్లండ్‌లోని టర్న్‌బెర్రీలో యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లయన్, ట్రంప్ వాణిజ్య ఒప్పందం ప్రకటించాక ఈ రెండు వివరణలూ ఒకదానితో ఒకటి పొసగలేదు. సంయుక్త ప్రకటన ఆగస్టు 21న గానీ రాలేదు. ఆ మధ్య మూడు వారాలూ వచ్చిన వార్తలు ఎక్కువగా ఒక వైపు కాగితాన్నే నమ్ముకున్నవి. సంయుక్త ప్రకటన వచ్చేదాకా ‘ఒప్పందంలో ఉంది’ అని రాయకండి, ‘వైట్‌హౌస్ చెప్పింది’, ‘కమిషన్ చెప్పింది’ అని రాయండి.

ఇప్పుడు ఆ ప్రకటనలో మూడు వాక్యాలు దగ్గరగా చూద్దాం.

అమెరికా సుంకం గురించి చెప్పేచోట కర్త అమెరికా. యూరప్ సరుకుల్లో అత్యధిక భాగం మీద అన్నీ కలిపి 15 శాతం దాటదని ఉంటుంది. ఇది తన చేతిలో ఉన్న పని గురించి ప్రభుత్వం చెప్పిన మాట. గట్టిది. (ఉక్కు, అల్యూమినియం ఇందులో లేవు. వాటి మీద 50 శాతం అలాగే ఉంచారు.)

ఇంధనం వాక్యంలో కర్త యూరోపియన్ యూనియన్, క్రియ మాత్రం ‘కొనాలనుకుంటోంది’. 2028 దాకా 750 బిలియన్ డాలర్ల విలువైన గ్యాస్, చమురు, అణు ఇంధన ఉత్పత్తులు అంటుంది, అదీ ‘అంచనా’గా. ఇక్కడే ఆగాలి. కమిషన్ గ్యాస్ కొనదు. కొనేవి కంపెనీలు, ధర చూసుకుని కొంటాయి. మూడేళ్లలో 750 అంటే ఏడాదికి 250 బిలియన్ డాలర్లు. 2024లో అమెరికా నుంచి యూరప్ కొన్న ఇంధనమంతా కలిపినా 100 బిలియన్లు దాటలేదు.

పెట్టుబడి వాక్యంలో కర్తే మారిపోతుంది: యూరప్ ‘కంపెనీలు’ 600 బిలియన్ డాలర్లు పెడతాయని ‘భావిస్తున్నారు’. పెట్టకపోతే ఎవరినీ అడగలేం. మాటిచ్చింది ఒకరు, పెట్టాల్సింది ఇంకొకరు. అమెరికా అధ్యక్షుడికి చెప్పుకోడానికి పెద్ద అంకె దొరికింది, యూరప్ ఖజానా నుంచి ఒక్క యూరో కదలలేదు. తెలివైన కట్టుబడే. కాకపోతే అంకె పెద్దదయ్యేకొద్దీ రేపు ‘మాట తప్పారు’ అనిపించుకునే అవకాశమూ పెరుగుతుంది.

నిజంగా యూరప్ చేయాల్సిన పని ఆ పత్రంలోనే వేరేచోట ఉంది. అమెరికా పారిశ్రామిక వస్తువుల మీద సుంకాలు ఎత్తేయాలి. దీనికి చట్టం కావాలి, యూరోపియన్ పార్లమెంటు, సభ్య దేశాల మండలి ఒప్పుకోవాలి. కార్ల మీద 27.5 శాతం నుంచి 15 శాతానికి తగ్గింపును ఆ చట్టం ప్రతిపాదన పెట్టిన నెల మొదటి తేదీ నుంచి వర్తింపజేస్తామని రాశారు. కమిషన్ ఆగస్టు 28న ప్రతిపాదన పెట్టింది, నెలాఖరుకు మూడు రోజుల ముందు. దాంతో తగ్గింపు ఆగస్టు 1 నుంచే లెక్కకొచ్చింది. సెప్టెంబరు దాకా ఆగి ఉంటే జర్మనీ కార్ల కంపెనీలకు ఒక నెల సుంకం పోయేది. ఇలాంటి షరతు కనపడితే, ఇరుపక్షాలూ నిజంగా పట్టించుకున్నది దాన్నేనని అర్థం చేసుకోండి.

అదే పత్రంలో జనరిక్ మందులు, వాటి ముడిపదార్థాల మీద సాధారణ సుంకం తప్ప అదనం వేయబోమని అమెరికా ఒప్పుకుంది. హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఆ పంక్తి మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి, పోటీదారుకు ఏ రేటు దొరికిందో తెలియడానికి.

శాతాన్ని డబ్బు చేయండి

ఒక బిలియన్ అంటే 100 కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. 750 బిలియన్లు 75,000 కోట్లు. ఇది అందరికీ తెలిసిందే, అయినా రాత్రి డెస్కులో ఒక సున్నా రాలిపోవడం సర్వసాధారణం. రూపాయల్లోకి మార్చే ముందు యూరోల్లోనే కోట్లలో రాసుకుని, అప్పుడు మార్చండి.

2014లో వేల్స్ సదస్సులో నాటో దేశాలు రక్షణ మీద జీడీపీలో 2 శాతం దిశగా సాగుతామన్నాయి. 2025 హేగ్ సదస్సులో అది 2035 నాటికి 5 శాతం అయింది. ఈ 5ను ఎప్పుడూ విడగొట్టి రాయాలి. కనీసం 3.5 శాతం అసలు సైనిక ఖర్చు: జీతాలు, ఆయుధాలు, మందుగుండు. మిగతా 1.5 దాకా రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత, రక్షణ పరిశ్రమ వంటి ‘సంబంధిత’ ఖర్చు. ఈ రెండో గంపలో దేశాలు ఇప్పటికే పెడుతున్న ఖర్చును కూడా వేసుకోవచ్చు. సిసిలీని ఇటలీ ప్రధాన భూభాగంతో కలిపే 1,350 కోట్ల యూరోల మెస్సీనా వంతెనను కూడా నాటో పద్దులో చూపిద్దామా అని రోమ్‌లో మంత్రులు మాట్లాడింది అందుకే. వంతెన కట్టాలని దశాబ్దాలుగా ఉన్న కోరికే, ట్యాంకులు కూడా దాని మీద వెళ్తాయన్నది కొత్త కారణం. కాబట్టి ‘5 శాతానికి ఒప్పుకున్నారు’ అన్నదాంట్లో కొత్త డబ్బెంతో తెలియాలంటే 3.5 గంపనే చూడాలి.

స్పెయిన్‌ను చూడండి. జీడీపీ సుమారు 1.6 లక్షల కోట్ల యూరోలు. ప్రధాని పెద్రో సాంచెజ్ 2.1 శాతం చాలు, నాటో అడిగిన సామర్థ్యాలన్నీ దాంతోనే సమకూరుస్తామన్నారు. 3.5కు, 2.1కు తేడా 1.4 శాతం, అంటే ఏడాదికి దాదాపు 2,240 కోట్ల యూరోలు. ఆయన గొడవపడింది ఈ సొమ్ము గురించి. మైనారిటీ ప్రభుత్వం, అందులో ఎడమపక్క భాగస్వామి సుమార్ కూటమి, 2023 బడ్జెట్‌నే పొడిగించుకుంటూ నెట్టుకొస్తున్న పరిస్థితి. ఆ సొమ్ముకు పార్లమెంటులో ఓట్లు దొరకవు. 2025 ఏప్రిల్‌లో 2 శాతం చేరడానికి ప్రకటించిన 1,047 కోట్ల యూరోల ప్రణాళికను కూడా పార్లమెంటు ఓటుకు పెట్టకుండా మంత్రివర్గంలోనే ఆమోదించుకున్నారు.

మరి హేగ్ ప్రకటన మీద స్పెయిన్ ఎలా సంతకం చేసింది? ‘మేం’ అని ఉండాల్సిన చోట ‘మిత్ర దేశాలు’ అని మార్చారు. నాటో సెక్రటరీ జనరల్ మార్క్ రుట్టె, సాంచెజ్ మధ్య ఉత్తరాలు నడిచాయి. స్పెయిన్ తన దారి తాను ఎంచుకునే వెసులుబాటు ఉందని సాంచెజ్ ఆ ఉత్తరాన్ని స్వదేశంలో చూపించుకున్నారు, లక్ష్యం అందరికీ ఒకటేనని మిగతావాళ్లు చెప్పుకున్నారు. ఒక సర్వనామం మారితే పోయేదేముందని మనం అనుకుంటాం, అక్కడ సదస్సు ఆగకుండా జరిగింది దాని వల్లే. ఉమ్మడి ప్రకటనలు చదివేటప్పుడు ఏ పేరాలో ‘మేం’ ఉందో, ఏ పేరాలో మాయమైందో చూడండి.

ఎవరి కంచంలోంచి తీశారు?

డబ్బు చోటు మారాలంటే మూడే దారులు: పన్ను, అప్పు, వేరే ఖర్చులో కోత. ఏ దారి తొక్కారో చెప్పకుండా ఇచ్చిన మాట తేలికది. చెప్పి ఇచ్చిన మాట బరువైనది, ఎందుకంటే ఇంట్లో ఎవరికో కోపం తెప్పించాకే ఆ మాట బయటికొచ్చింది.

2025 ఫిబ్రవరి 25న బ్రిటన్ ప్రధాని కీర్ స్టార్మర్ 2027 ఏప్రిల్‌కల్లా రక్షణ ఖర్చు 2.5 శాతానికి పెంచుతామన్నారు. డబ్బు ఎక్కడిదో కూడా అప్పుడే చెప్పారు: విదేశీ సాయం జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 0.3కు కోత. రెండ్రోజుల తర్వాత ఆయన వైట్‌హౌస్‌లో ఉన్నారు, జేబులో ట్రంప్‌కు రాజుగారు పంపిన ఆహ్వానంతో. మర్నాడు అభివృద్ధి శాఖ మంత్రి అనలీస్ డాడ్స్ రాజీనామా చేశారు, ప్రధాని వాషింగ్టన్ పర్యటన అయ్యేదాకా ఆగి మరీ. ఆ వారం కెమెరాలన్నీ రాజు ఉత్తరం చుట్టూ తిరిగాయి. బరువు తూచేవాళ్లకు పనికొచ్చేది రాజీనామా లేఖ.

డెన్మార్క్‌లో ఇంకా విచిత్రం. 2 శాతం లక్ష్యాన్ని 2033కు బదులు 2030కే చేరాలని 2023లో ప్రభుత్వం ఒక పండుగ సెలవును రద్దు చేసింది. ఈస్టర్ తర్వాత నాలుగో శుక్రవారం వచ్చే ‘మహా ప్రార్థనా దినం’, 1686 నుంచి ఉన్నది. ఒక రోజు ఎక్కువ పని, ఆ మేరకు ఖజానాకు పన్ను. కోపెన్‌హాగన్‌లో పార్లమెంటు ముందు పదుల వేల మంది నిరసన చేశారు, అయినా చట్టం నెగ్గింది, 2024 నుంచి ఆ సెలవు లేదు. మన దగ్గర రక్షణ బడ్జెట్ కోసం ఉగాది సెలవు తీసేస్తామంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వాణిజ్యంలో ఈ ప్రశ్న వేయడం కాస్త కష్టం, ఎందుకంటే నష్టపోయేవాడి పేరు ప్రకటనలో ఉండదు. 2025 మే 8న బ్రిటన్, అమెరికా ఒప్పందంలో అందరూ చెప్పుకున్నది ఏడాదికి లక్ష కార్లకు 10 శాతం సుంకం గురించి. క్లోరిన్ నీళ్లతో కడిగిన కోళ్లు, హార్మోన్లు ఎక్కించి పెంచిన గొడ్డుమాంసం రానివ్వలేదని ప్రభుత్వం గట్టిగా చెప్పింది, అది నిజమే. అదే కాగితంలో అమెరికా ఇథనాల్ 140 కోట్ల లీటర్ల దాకా సుంకం లేకుండా రానిచ్చారు. అది బ్రిటన్ మొత్తం వాడకానికి సమానమని అక్కడి పరిశ్రమ మొత్తుకుంది. ఆగస్టులో హల్ దగ్గరి వివెర్గో ఇథనాల్ కర్మాగారం మూత ప్రకటించారు, దానికి గోధుమలు అమ్మే రైతులు కొనుగోలుదారును పోగొట్టుకున్నారు. ఒప్పందంలో గెలిచిన సరుకు శీర్షికలో ఉంటుంది, ఓడిన సరుకు కోసం కోటాల అనుబంధం చదవాలి.

సీట్లు లెక్కపెట్టండి

పెద్ద అంకెలకన్నా ఇదే ముఖ్యం. 2003 మార్చి 1ని గుర్తుపెట్టుకుంటే చాలు. ఇరాక్ మీదికి ఉత్తరం నుంచి వెళ్లేందుకు 62,000 మంది అమెరికా సైనికులను తమ నేల మీదికి రానిచ్చే తీర్మానం టర్కీ పార్లమెంటు ముందుకొచ్చింది. ప్రభుత్వం ఒప్పేసుకుంది, ఓడలు తీరంలో ఎదురుచూస్తున్నాయి. అనుకూలం 264, వ్యతిరేకం 250. నెగ్గినట్టే కదా? కాదు. తటస్థంగా ఉన్న 19 మందితో కలిపి సభలో ఉన్నవాళ్లు 533 మంది. అందులో సగానికి పైన, అంటే 267 కావాలి. మూడు ఓట్లతో తీర్మానం పోయింది. ఉత్తరపు దారి మూసుకుపోయింది.

అందుకే ప్రతి దేశానికీ రెండు సంగతులు కనుక్కోండి: ఈ పనికి ఎంత మెజారిటీ కావాలి, దాన్ని దేనిమీద లెక్కిస్తారు (మొత్తం సభ్యులా, హాజరైనవాళ్లా, ఓటేసినవాళ్లా).

జర్మనీ లెక్క ఇంకా బాగుంటుంది. అక్కడి రాజ్యాంగంలో 2009 నుంచి ‘అప్పుల కళ్లెం’ ఉంది. కేంద్రం నిర్మాణాత్మక లోటు (ఆర్థిక ఒడిదుడుకుల ప్రభావం తీసేసి లెక్కించేది) జీడీపీలో 0.35 శాతం దాటకూడదు. జీడీపీ సుమారు 4.3 లక్షల కోట్ల యూరోలనుకుంటే ఆ అప్పు పరిమితి దాదాపు 1,500 కోట్ల యూరోలు. 3.5 శాతం రక్షణ ఖర్చంటే దాదాపు 15,000 కోట్లు. సరిగ్గా పది రెట్లు. కళ్లెం వదలకుండా ఏ చాన్సలరైనా అమెరికాకు ఆ మాటిస్తే నమ్మాల్సిన పనిలేదు.

తర్వాత చాన్సలరైన ఫ్రీడ్రిష్ మెర్జ్ ఎన్నికల్లో కళ్లెం జోలికి పోనన్నట్టే మాట్లాడారు. 2025 ఫిబ్రవరి 23న గెలిచారు. ఫిబ్రవరి 28న వైట్‌హౌస్‌లో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీతో జరిగిన రభసను ప్రపంచమంతా చూసింది. మార్చి 4కల్లా మాట మార్చారు. అసలు చిక్కు వేరే ఉంది. రాజ్యాంగ సవరణకు మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు కావాలి. కొత్త బుందెస్టాగ్‌లో (జర్మనీ పార్లమెంటు) 630 సీట్లు, కావాల్సింది 420. మెర్జ్ కూటమికి 208, సోషల్ డెమొక్రాట్లకు 120, గ్రీన్స్‌కు 85. మొత్తం 413. ఏడు తక్కువ. మిగిలిన రెండు పెద్ద పక్షాలు కుడి అంచున ఏఎఫ్‌డీ, ఎడమ అంచున లెఫ్ట్ పార్టీ.

పాత బుందెస్టాగ్ గడువు ఇంకా ముగియలేదు. మార్చి 25లోగా కొత్త సభ కూర్చోవాలి. మార్చి 18న పాత సభనే పిలిచి సవరణ ఓటుకు పెట్టారు. అక్కడ 733 సీట్లు, కావాల్సింది 489, వచ్చింది 513. జీడీపీలో ఒక శాతం దాటిన రక్షణ ఖర్చుకు కళ్లెం వర్తించదు. దాంతోపాటు 50,000 కోట్ల యూరోల మౌలిక వసతుల నిధి వచ్చింది. గ్రీన్స్ తమ ఓటుకు ధర అందులోంచే తీసుకున్నారు: 10,000 కోట్లు వాతావరణ నిధికి. జూన్‌లో మెర్జ్ వైట్‌హౌస్ వెళ్లి ట్రంప్ తాతగారి జనన పత్రం చట్రం కట్టించి కానుకిచ్చారు. అందరూ ఆ ఫొటో వేశారు. అసలు కానుక మార్చి 18న బెర్లిన్‌లో తయారైంది.

సంకీర్ణం ఉన్నచోట భాగస్వామి గీసిన గీత ఎక్కడుందో కూడా చూడాలి. 2010 ఫిబ్రవరిలో అఫ్గానిస్థాన్‌లోని ఉరుజ్‌గాన్‌లో సైన్యాన్ని ఇంకొంతకాలం ఉంచమని నాటో అడిగితే, నెదర్లాండ్స్‌లో లేబర్ పార్టీ కాదని బయటికి పోయింది. ప్రభుత్వమే పడిపోయింది. ఆగస్టుకల్లా సైన్యం వెనక్కొచ్చింది.

పైకి కాదన్నారా? తలుపు వెనక చూడండి

గట్టిగా కాదన్నవాళ్లను కూడా ఇదే తక్కెడలో వేయాలి. 2002 ఎన్నికల్లో జర్మనీ చాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ ఇరాక్ యుద్ధానికి రానని చెప్పి నెగ్గారు, జర్మన్ సైన్యం నిజంగానే వెళ్లలేదు. కానీ జర్మనీలోని అమెరికా స్థావరాలు, గగనతలం యుద్ధానికి వాడుకోనిచ్చారు. ఆ స్థావరాలకు కాపలా కూడా జర్మన్ సైనికులే కాశారు. ఓటరుకు కనిపించేది కాదన్నారు, కనిపించనిది కొనసాగించారు.

దీనికి తలకిందులుగా, పైకి అవునని లోపల కోత పెట్టినవాడు స్పెయిన్ సోషలిస్టు ఫెలిపె గొంజాలెజ్. 1982లో దేశం నాటోలో చేరడాన్ని వ్యతిరేకించిన పార్టీ ఆయనది. అధికారంలోకొచ్చాక 1986 మార్చి 12న రెఫరెండం పెట్టి, ఉండిపోదామని ఆయనే ప్రచారం చేశారు. కాకపోతే ప్రశ్నలోనే మూడు షరతులు కలిపారు: ఉమ్మడి సైనిక కమాండ్‌లో చేరం, అణ్వాయుధాలు రానివ్వం, అమెరికా సైన్యాన్ని క్రమంగా తగ్గిస్తాం. ‘అవును’ నెగ్గింది. మూడో షరతు మాటవరసకు పెట్టింది కాదు. మాడ్రిడ్ పక్కనున్న టొరెహోన్ స్థావరం నుంచి 72 ఎఫ్-16 విమానాలను తీసుకుపోవడానికి 1988లో అమెరికా ఒప్పుకోవాల్సొచ్చింది. మిత్రదేశంతో తెగతెంపులు లేకుండా సొంత ఓటరుకు ఏం తెచ్చిపెట్టొచ్చో తెలుసుకోవాలంటే ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ దొరకదు. ఇది కుదరడానికి కారణం షరతును ముందే, రాతపూర్వకంగా, ప్రజల ఓటుతో కట్టేయడం. అమెరికా దూతలతో కూర్చున్నప్పుడు ‘నా చేతుల్లో లేదు’ అనగలగడం బేరంలో పెద్ద బలం.

గొంజాలెజ్‌కు ఉన్నది, 2003లో అదే దేశపు ప్రధాని హోసె మరియా అజ్నార్‌కు లేనిది అదే. ఇరాక్ యుద్ధం దేశంలో అత్యధికులు వద్దంటున్నా అజ్నార్ అసోర్స్ దీవుల్లో బుష్, బ్లెయిర్‌ల పక్కన నిలబడ్డారు. సభలో మెజారిటీ ఉంది కాబట్టి మాట చెల్లింది. 2004 మార్చిలో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలిన మూడు రోజులకే ఎన్నికలొచ్చాయి, ఆయన పార్టీ ఓడింది, కొత్త ప్రధాని జపతేరో ఇరాక్ నుంచి సైన్యాన్ని వెనక్కి పిలిచారు. సీట్లు సరిపోయినా మాట ఆయుష్షు ప్రభుత్వం ఆయుష్షే.

చివరగా, క్యాలెండర్

ప్రతి మాట పక్కనా రెండు తేదీలు రాసుకోండి: మాట తీరాల్సిన తేదీ, మాటిచ్చినవాళ్లు, పుచ్చుకున్నవాళ్లు పదవిలో ఉండే చివరి తేదీ. మొదటిది రెండోదానికన్నా బాగా దూరంగా ఉంటే ఆ మాట తీర్చే భారం వేరొకరి నెత్తిన పడుతుంది.

హేగ్ 5 శాతానికి గడువు 2035. మధ్యలో 2029లో సమీక్ష ఉంది, అంటే 2028 నవంబరులో జరిగే అమెరికా అధ్యక్ష ఎన్నికల తర్వాత. ఆ ఏడాది ఎంచుకోవడం కాకతాళీయమని అనుకోనక్కర్లేదు. టర్న్‌బెర్రీ ఇంధన అంకెకు గడువు 2028. బ్రిటన్ 2.5 శాతానికి 2027 ఏప్రిల్. ఈ మూడింటిలో ఇచ్చినవాళ్ల పదవీకాలాన్ని బాగా దాటిపోయేది మొదటిదే.

సంవత్సరానికోసారి చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి సభ్య దేశం ఎంత ఖర్చు పెట్టిందో నాటో పట్టిక విడుదల చేస్తుంది. అందులో ‘అంచనా’ అని గుర్తున్న గడులను, మరుసటి ఏడాది వచ్చే అసలు అంకెలతో పోల్చండి. ఆ దేశం బడ్జెట్ పత్రంలో అదే శాఖ పద్దు తెరిచి, నాటోకు చూపినదాంట్లో సైనిక పింఛన్లు, తీరరక్షక దళం వంటివి కొత్తగా చేరాయేమో చూడండి. చేరితే శాతం పెరుగుతుంది, ట్యాంకులు పెరగవు.

ఆ పోలిక చేతిలో ఉంటే తర్వాతి కరచాలనం వార్త రాయడానికి పది నిమిషాలు పడుతుంది.